వెన్న: రుచి, వెల, విలువ

తెలుగువారు మెత్తదనాన్ని చెప్పాలంటే వెన్నను తలచుకొంటారు. మంచి మనసును చెప్పాలన్నా వెన్నే, పసివాని బుగ్గను పోల్చాలన్నా వెన్నే. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో ఇదే మస్కా, ఇదే మఖ్ఖన్. వేడి జొన్నరొట్టెపై ముద్దగా పెట్టినా, చాయ్‌తో తినే బన్ను నడుమ పూసినా వస్తువు ఒక్కటే. ఇంతగా పరిచయమైన పదార్థాన్ని గురించి కొత్తగా చెప్పవలసినది ఏమున్నదని పాఠకులు అనుకోవచ్చు. కాని నేటి అంగడిలో వెన్న ఒక చిక్కు ప్రశ్నగా మారింది.

పట్టణాలలోని పెద్ద దుకాణాల ఫ్రిజ్ పెట్టెలలో వెన్న అనేక వేషాలలో కనిపిస్తున్నది. ఉప్పు వేసినది, వేయనిది, పసుపుపచ్చనిది, తెల్లనిది, సహకార సంఘాలది, ప్రైవేటు కంపెనీలది, ‘ఆవు వెన్న’, ‘ఏ-2 వెన్న’, ‘కవ్వంతో చిలికిన వెన్న’ అని పేరు పెట్టుకొన్నవి, మహానగరాలకు పోతే డెన్మార్కు, ఫ్రాన్సు దేశాల నుండి ఓడలలో వచ్చినవి. ఒకదాని వెలకు, మరొకదాని వెలకు రెండు రెట్లు, మూడు రెట్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన అంతరం ఉన్నది. ఆ అంతరం రుచిలో కూడ ఉన్నదా? ఉంటే దానికి కారణమేమి? లేకుంటే మనం ఎక్కువగా ఇచ్చే రూపాయి ఎక్కడికి పోతున్నది?

ఈ ప్రశ్న కొనేవారిది మాత్రమే అనుకోరాదు. కర్నూలు నుండి నంద్యాల పోయే దారిలో రాతికొండల నడుమ ఉన్న ఓర్వకల్లు వంటి మెట్ట ప్రాంతపు గ్రామంలో, ప్రతి ఉదయం పాలకేంద్రానికి క్యాను మోసుకొని పోయే ఇల్లాలిది కూడ. ఆమె పోసిన పాలకు వెల కట్టేటప్పుడు ముందుగా అడిగేది ‘వెన్నశాతం ఎంత?’ అనే. అనగా ఆమె పాల పేరుతో అమ్ముతున్నది చాలవరకు వెన్ననే. కనుక వెన్న విలువను సరిగా తూచడం నేర్చుకొంటే, మన ప్రాంతపు పాడి విలువను కూడ తూచగలుగుతాము.

వెన్న అంటే ఏమిటి?

పాలలో కొవ్వు కంటికి కనిపించనంత చిన్న బిందువుల రూపంలో ఉంటుంది. ప్రతి బిందువు చుట్టూ ఒక పలుచని పొర ఉండి, అవి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా కాపాడుతుంది. మీగడనుగాని, పెరుగునుగాని చిలికినప్పుడు ఈ పొరలు చిట్లి, బిందువులు ఒకదానినొకటి అంటుకొని ముద్దలవుతాయి. పాలలో నీటి నడుమ కొవ్వు తేలుతూ ఉండగా, వెన్నలో కొవ్వు నడుమ నీటి బిందువులు చిక్కుకొని ఉంటాయి. చిలకడమంటే ఈ తలక్రిందుల మార్పును సాధించడమే.

ఈ పనికి తగిన వేడి, తగిన చల్లదనం రెండూ అవసరం. కొవ్వు సగం గట్టిగా, సగం మెత్తగా ఉన్నప్పుడే వెన్న పడుతుంది. అందువల్లనే మన ఇండ్లలో తెల్లవారుజామున చిలికేవారు. వేసవిలో చల్లని నీళ్లు, చలికాలంలో గోరువెచ్చని నీళ్లు చల్లకుండలో పోసేవారు. ఉష్ణమాపకం ఎరుగని అవ్వలు చేతి స్పర్శతోనే ఈ శాస్త్రాన్ని పాటించారు.

వెన్న ఎంత మేలైనదైనా దాని కూర్పును చట్టం చాలవరకు ముందే నిర్ణయించి ఉంచింది. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం రొట్టెపై పూసుకొనే ‘టేబుల్ బటర్’లో పాలకొవ్వు 80 శాతానికి తగ్గరాదు, నీరు 16 శాతాన్ని, ఉప్పు 3 శాతాన్ని మించరాదు. ఉప్పు, రంగు లేని తెల్లవెన్నలో కొవ్వు కనీసం 76 శాతం ఉండాలి. అమెరికాలో 1923 నాటి చట్టం కూడ 80 శాతాన్నే హద్దుగా పెట్టింది. ఫ్రాన్సులో ఉప్పు వేయని వెన్నకు 82 శాతం ఉండాలి. ఈ అంకెలను ఒకచోట పేర్చి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. లోకంలోని పేరున్న వెన్నలన్నీ కొవ్వు విషయంలో రెండు మూడు శాతాల తేడాలోనే ఉన్నాయి. శక్తి విషయమూ అంతే. ఏ వెన్న అయినా 100 గ్రాములకు ఇంచుమించు 720 కెలోరీలను ఇస్తుంది. ఖరీదైన వెన్న తిన్నవానికి ఎక్కువ బలమేమీ రాదు. మితం తప్పితే చేసే చెరుపు కూడ తగ్గదు.

రుచి ఎక్కడి నుండి వస్తుంది?

కూర్పు ఒక్కటే అయినప్పుడు రుచులలో తేడా ఎట్లా వస్తున్నది? దీనికి ముఖ్యంగా ఐదు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది పశువు. మన సీమలో ఎనుము అని పిలిచే గేదె పాలలో వెన్నశాతం సాధారణంగా 6 నుండి 8 వరకు ఉంటే, ఆవు పాలలో 4కు అటూ ఇటూ ఉంటుంది. గేదె పాల కొవ్వు బిందువులు పెద్దవి. ఆ కొవ్వు కొంచెం ఎక్కువ వేడికి గాని కరగదు. కనుక గేదె వెన్న నోటిలో నెమ్మదిగా కరుగుతుంది, నెయ్యి పూసపూసగా పేరుతుంది. పచ్చగడ్డిలోని కెరోటిన్ అనే పసుపు పదార్థాన్ని గేదె తన శరీరంలోనే విటమిన్-ఏగా మార్చివేస్తుంది. ఆవు కొంత భాగాన్ని అట్లాగే పాలలోకి విడుస్తుంది. గేదె వెన్న తెల్లగా, ఆవు వెన్న పచ్చగా ఉండడానికి ఇదే కారణం. పచ్చదనమే శ్రేష్ఠతకు గుర్తని నమ్మేవారు తెలుసుకోవలసినది ఏమంటే, మన దేశంలో కర్మాగారాల వెన్నకు ఆ రంగు తరచుగా జాఫ్రా గింజల నుండి వస్తుంది. మన రాష్ట్రపు మన్యంలో పండే ఆ గింజల రంగు హానికరం కాదు, చట్టం దానిని అనుమతించింది. కాని అది రుచికి సాక్ష్యం చెప్పదు.

రెండవది మేత. వానకాలంలో పచ్చిక మేసిన ఆవు వెన్న వేసవిలో ఎండు జొన్నచొప్ప తిన్న ఆవు వెన్న కంటె పచ్చగా, మెత్తగా ఉంటుంది. 1962లో విదేశీ విపణిలో ప్రవేశించిన ఐర్లండు వారి ‘కెర్రీగోల్డ్’ వెన్న కీర్తి అంతా ఆ దేశపు పచ్చిక మీదనే నిలిచింది. మన ప్రాంతపు సంగతి వేరు. ఆదోని చుట్టుపట్ల పత్తి పండుతుంది. పత్తిగింజలు పశువులకు మేతవుతాయి. పత్తిగింజలు తిన్న పశువు వెన్న గట్టిపడుతుంది. దాని నెయ్యి రసాయన లక్షణాలు కూడ ఎంతగా మారుతాయంటే, మన దేశపు పాత నేతి ప్రమాణాలలో పత్తి ప్రాంతాల నేతికి విడిగా కొలతలు పెట్టవలసి వచ్చింది. వేరుశనగ చెక్క తిన్న పశువు వెన్న ఇందుకు భిన్నంగా మెత్తబడుతుంది. ఒక్క జిల్లాలోనే పడమటి వెన్నకు, తూర్పు వెన్నకు తేడా ఉండవచ్చునన్నమాట.

మూడవది పులుపు. రుచిలో ప్రధానమైన భేదం ఇక్కడనే ఉన్నది. పాల నుండి యంత్రంతో తీసిన తాజా మీగడను చిలికితే వచ్చే వెన్న తియ్యగా, సాదాగా ఉంటుంది. మీగడనో, పాలనో తోడుపెట్టి పులిసిన పిదప చిలికితే, ఆ సూక్ష్మజీవులు పుట్టించిన ఆమ్లం, డైఅసిటిల్ అనే సువాసన పదార్థం వెన్నలో నిలుస్తాయి. మనం ‘కమ్మని వెన్న వాసన’ అనేది చాలవరకు ఈ డైఅసిటిల్ వాసనయే. ఫ్రాన్సులోని షరాంత్-పొయితు ప్రాంతపు వెన్నకు 1979లోను, ఇజిన్యీ వెన్నకు 1986లోను ప్రాంతీయ గుర్తింపు హక్కులు లభించాయి. ఆ వెన్నల ప్రతిష్ఠలో మీగడను నిదానంగా పులియబెట్టే పద్ధతికి పెద్ద భాగం ఉన్నది. వారు శ్రద్ధతో కాపాడుకొంటున్న ఆ పద్ధతికి, పాలు కాచి, తోడువేసి, మరునాడు చిలికే మన పద్ధతికి మూలసూత్రం ఒక్కటే. పైగా పిడకల సెగపై గంటల తరబడి కాగిన పాల ఎర్రని మీగడ వాసన మన వెన్నకు అదనపు సొత్తు.

నాలుగవది ఉప్పు. రొట్టెపై పూసిన ఉప్పు వెన్న వెంటనే రుచిగా తోస్తుంది. ఉప్పు చేసే పని రుచి ఒక్కటే కాదు. వెన్నలోని ఉప్పు కొవ్వులో కరగదు. ఉన్న కొద్దిపాటి నీటిలోనే కరుగుతుంది. 16 గ్రాముల నీటిలో 2 గ్రాముల ఉప్పు కరిగిందంటే అది నూటికి 11 పాళ్ల ఉప్పునీరు. అటువంటి గాఢమైన ఉప్పునీటిలో సూక్ష్మజీవులు సులభంగా పెరగలేవు. కనుక ఉప్పు వెన్న ఎక్కువ దినాలు నిలుస్తుంది.

ఐదవది వయస్సు. కొవ్వు విరిగినప్పుడు బ్యుటిరిక్ ఆమ్లం విడుదలయి కంపు పుడుతుంది. ఈ ఆమ్లాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రల్ వెన్న నుండి వేరుచేసి, వెన్న పేరుతోనే దానికి నామకరణం చేశాడు. గాలి, వెలుతురు తగిలితే వెన్న మరొక విధంగా చెడుతుంది. ప్రక్కన ఉన్న ఉల్లిపాయ వాసనను, చేప వాసనను అది ఇట్టే పీల్చుకొంటుంది. ఎంత గొప్ప పేరు గల వెన్న అయినా దూరదేశం నుండి నెలల తరబడి ప్రయాణం చేసి, దారిలో రెండుమూడు సార్లు కరిగి గడ్డకట్టి వస్తే, నిన్న చిలికిన వెన్న ముందు నిలువలేదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండలో వెన్న నిలువ ఉండదు గనుకనే పెద్దలు దానిని నేతిగా కాచి దాచుకొన్నారు. చల్లదనం కొనుక్కోవలసిన చోట వెన్న ధర పెరగడం సహజం.

అలవాటు చేసే మాయ

ఇన్ని కారణాలు చెప్పిన తరువాత, రుచిని గూర్చి మరొక సత్యం చెప్పకపోతే విషయం అసంపూర్ణం అవుతుంది. నాలుక అలవాటుకు బానిస.

స్వాతంత్ర్యానికి ముందు బొంబాయి నగరంలో వెన్న అంటే పోల్సన్ వెన్న. దానిని నిలువ ఉంచి పులిసిన మీగడ నుండి తీసి, ఉప్పు బాగా దట్టించేవారు. గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు 1946లో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో సహకార సంఘం స్థాపించుకొన్నారు. 1949లో ఆనంద్ పట్టణానికి వచ్చిన వర్గీస్ కురియన్ వారికి తోడయ్యాడు. 1955లో వారి కొత్త కర్మాగారం ప్రారంభమయింది. తాజా మీగడతో శుభ్రంగా చేసిన తమ అమూల్ వెన్న పోల్సన్‌ను సులభంగా జయిస్తుందని వారు ఆశించారు. కాని కొనుగోలుదారులు అది చప్పగా ఉన్నదన్నారు. పోల్సన్ వాసనకు అలవాటుపడిన నాలుకకు తాజాదనమే లోపంగా తోచింది! చివరకు ఉప్పు పెంచి, డైఅసిటిల్ సువాసనను చేర్చి, ప్రజలు వెన్న అని గుర్తించే రుచికి తమ వెన్నను తీసుకొనిరావలసి వచ్చింది. ఈ నాడు దేశంలో కోట్లమందికి ఆ రుచియే వెన్న రుచి.

ఈ కథలో మనకొక పాఠం ఉన్నది. చిన్ననాటి నుండి పొట్లపు వెన్న తిన్న విద్యార్థికి ఊరి తెల్లవెన్న పుల్లగా, వింతగా తోచవచ్చు. కవ్వపు వెన్న తిని పెరిగిన తాతకు పొట్లపు వెన్న ఉప్పుముద్దలా తోచవచ్చు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టరాదు. అయితే ఎవరి అలవాటూ వెన్న మేలిమికి కొలబద్ద కాజాలదు.

వెల లెక్క

ఇక వెలను చూద్దాం. వస్తుసేవల పన్ను వెన్నపై 12 శాతం నుండి 5 శాతానికి 2025 సెప్టెంబరు 22న తగ్గింది. అప్పుడు 100 గ్రాముల అమూల్ పొట్లం వెల 62 రూపాయల నుండి 58 రూపాయలకు దిగింది. అందులో కొవ్వు 80 గ్రాములు. అనగా గ్రాము పాలకొవ్వుకు మనం ఇచ్చేది 72న్నర పైసలు.

ఒక విదేశీ వెన్న దీనికి మూడు రెట్ల వెల పలికిందనుకొందాం. దానిలో కొవ్వు 82 శాతం ఉన్నదనుకొందాం. 80కి బదులు 82 లభించడమంటే రెండున్నర శాతం అదనం. రెండున్నర శాతం అదనపు కొవ్వుకు రెండు వందల శాతం అదనపు వెల ఇచ్చామన్నమాట. మిగిలినది దేనికి? కొంత శ్రద్ధగా పులియబెట్టిన రుచికి. కొంత ఓడ కిరాయికి, దారి పొడవునా చల్లదనానికి, దిగుమతి సుంకానికి, అందమైన పొట్లానికి, పేరుకు. మొదటిదానికి ఇచ్చినది రుచికి ఇచ్చిన వెల. తక్కినవి దూరానికి ఇచ్చిన వెల. ఇజిన్యీ వెన్నను ఇజిన్యీలో తినేవాడు ఈ రెండవ భాగాన్ని ఇవ్వనక్కరలేదు.

ఒక విషయంలో విదేశీ వెన్నకు న్యాయం చేయాలి. నీరు తక్కువగా ఉన్న వెన్న పొరలు పొరలుగా విచ్చుకొనే బేకరీ వంటకాలకు మేలు. ఆ పనివారికి రెండు శాతం తేడా కూడ లెక్కలోకి వస్తుంది. కాని పోపు వేయడానికి, హల్వా చేయడానికి ఆ వెన్న కరిగించడం డబ్బు కరిగించడమే. నిప్పు తగిలిన వెంటనే దాని సున్నితమైన వాసన ఎగిరిపోతుంది. అటువంటి పనికి ఊరి వెన్ననో, నెయ్యినో వాడడం తెలివి.

‘ఏ-2’ అని రాసిన వెన్నల సంగతి వేరు. ఏ-1, ఏ-2 అనేవి పాలలోని బీటా-కేసిన్ అనే మాంసకృత్తి రకాలు. వెన్నలో మాంసకృత్తులు నూటికి ఒక వంతు కూడ ఉండవు. లేని పదార్థపు రకానికి అదనపు వెల ఇవ్వడంలో అర్థం కనిపించదు. పైగా గేదె పాలలోని బీటా-కేసిన్ దాదాపు అంతా ఏ-2 రకమే. ఆ పేరే గొప్ప అనుకొంటే మన ఊరి ఎనుము ఎప్పుడో ఆ బిరుదును సంపాదించింది. పొట్లాలపై ఈ మాటలు తొలగించాలని దేశపు ఆహార ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ఆదేశించి, కొద్ది దినాలకే ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకొన్నది. కనుక విచక్షణ భారం కొనేవానిపైనే మిగిలింది.

లెక్కలోకి రాని మజ్జిగ

వెన్న విలువను పొట్లంపై వెలతోనే కొలిచినప్పుడు ఒక పెద్ద పద్దు మన ఖాతా నుండి జారిపోతుంది. అది మజ్జిగ.

కిలో వెన్నలో 800 గ్రాముల కొవ్వు ఉండాలి. 7 శాతం వెన్న గల గేదె పాలనుండి అంత కొవ్వు రావాలంటే, నష్టం లేదనుకొన్నా 11 కిలోలకు పైగా పాలు కావాలి. 4 శాతం ఉన్న ఆవు పాలయితే 20 కిలోలు కావాలి. గేదె పాలను ఇంట చిలికితే కిలో వెన్నతో పాటు, పోసిన నీళ్లు గాక, పది కిలోల మజ్జిగ మిగులుతుంది. అందులో 400 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. ఎముకలకు బలమిచ్చే సున్నం ఉంటుంది. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతం సుమారు 670 మిల్లీమీటర్లు. వేసవి ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఇటువంటి సీమలో సంగటి తినే కూలివానికి మజ్జిగ దాహాన్ని తీర్చేది, పులుసుగా మారేది, మాంసకృత్తులనూ ఇచ్చేది. పాడి ఉన్న ఇంటివారు దానిని అమ్మడం తప్పుగా భావించి ఇరుగుపొరుగులకు ఊరకనే పోసేవారు. ‘చల్లకు వచ్చి ముంత దాచినట్లు’ అనే సామెత ఆ ఆచారం ఎంత వ్యాపించి ఉండేదో చెబుతుంది. అడగడానికి సిగ్గుపడినవాడు ముంత దాచాడు గాని, అడిగితే కాదనేవారు అరుదు.

1970లో ‘ఆపరేషన్ ఫ్లడ్’ మొదలయింది. 1974లో మన రాష్ట్రంలో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది. విజయ పేరుతో పాలు, వెన్న, నెయ్యి అంగడికి వచ్చాయి. నంద్యాలలోను డెయిరీ వెలసింది. పాలకు నికరమైన బేరం దొరికింది. వాన తప్పి పంట పోయిన ఏట కూడ ఎనుము పాలు కొంత నగదును తెచ్చాయి. ఇది చిన్న మేలు కాదు. కాని పాలు క్యానులో పోయినప్పుడు వెన్నతో పాటు మజ్జిగ కూడ ఊరు దాటింది. కేంద్రంవారు వెన్నశాతానికే గాక కొవ్వు కాని ఘన పదార్థాలకూ లెక్కకట్టి డబ్బు ఇస్తారు. ఆ డబ్బు పాడి గల ఇంటికి చేరుతుంది. ముంత పట్టుకొని వచ్చే పొరుగింటికి చేరదు. పొట్లపు వెన్న, ఊరి వెన్న అని పోల్చేటప్పుడు ఈ నష్టలాభాలను కూడ త్రాసులో వేయాలి. ఇంట చిలికిన వెన్న వెలలో తక్కువ కావచ్చు; విలువలో దాని వెనుక ఒక మజ్జిగ కుండ ఉన్నది.

పరీక్షించి చూడడం

ఇంతవరకు చెప్పినదానిని విద్యార్థులు నమ్మి ఊరుకోనవసరం లేదు. పరీక్షించి చూడవచ్చు. మొదటిది తూకపు పరీక్ష. ప్రతి రకం వెన్ననూ సరిగా 100 గ్రాములు తూచి, సన్నని సెగపై చిటపటలు ఆగేవరకు కాచి, వడగట్టి, నెయ్యిని తూచాలి. ప్రమాణానికి తగిన వెన్న అయితే నెయ్యి 76 నుండి 80 గ్రాముల ప్రాంతంలో వస్తుంది. 65 గ్రాములే వచ్చిందంటే అమ్మకందారు నీటిని వెన్న వెలకు అమ్మినట్లే. ఊరి వెన్నలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. సరిగా పిండని వెన్నలో నీరు, మజ్జిగ మిగిలిపోతాయి. రెండవ దినానికే అది పులిసి చెడుతుంది.

రెండవది రుచి పరీక్ష. పన్నెండుమంది విద్యార్థులను పిలిచి, ప్రతివానికి మూడేసి రొట్టెముక్కలు ఇవ్వాలి. రెండింటిపై ఒక వెన్న, మూడవదానిపై వేరొక వెన్న పూసి ఉంచాలి. వెన్న రంగు తెలియకుండా కండ్లకు గంతలు కట్టాలి. ఉప్పు వెన్నను ఉప్పు వెన్నతోనే, ఉప్పు లేనిదానిని లేనిదానితోనే పోల్చాలి. ఫ్రిజ్‌లో నుండి తీసిన వెన్న వాసన తెలియదు గనుక కొంతసేపు బయట ఉంచి మెత్తబడనివ్వాలి. మూడింటిలో వేరుగా ఉన్నది ఏదని అడగాలి. కేవలం ఊహతోనే పన్నెండుమందిలో నలుగురు సరిగా చెప్పవచ్చు. ఎనిమిదిమంది, అంతకు మించి సరిగా చెబితేనే నిజమైన తేడా ఉన్నదని గణాంక శాస్త్రం అంగీకరిస్తుంది. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది రుచి చూచి చెప్పగలనన్న ఒక మహిళను పరీక్షించడం గురించి ఆర్. ఎ. ఫిషర్ 1935లో తన గ్రంథంలో చర్చించాడు. ప్రయోగ రచనా శాస్త్రానికి అది ప్రసిద్ధమైన ఉదాహరణ అయింది. ఒక టీ కప్పు శాస్త్రానికి పాఠం చెప్పగలిగినప్పుడు ఒక రొట్టెముక్క మాత్రం ఎందుకు చెప్పలేదు? తేడా ఉన్నదని తేలిన తరువాతనే ఏది మేలని అడగాలి; ఆ తరువాతనే వెల చెప్పాలి.

డెన్మార్కు నేర్పే పాఠం

ఊరి వెన్నకు ఇంత రుచి ఉంటే అంగడిలో దానికి పరపతి ఎందుకు లేదు? కొనేవానికి నేటి వెన్న నిన్నటి వెన్న వలె ఉంటుందన్న నమ్మకం లేదు గనుక. మేలిరకం వెన్న అని ఎక్కువ వెల ఇచ్చేవాడు నిజానికి ఈ నమ్మకాన్నే కొంటున్నాడు. దీనిని ఒక పేద రైతుల సమూహం ఎట్లా సంపాదించిందో డెన్మార్కు చరిత్ర చెబుతుంది.

పంతొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో సముద్రాల ఆవలి నుండి చవక ధాన్యం వచ్చిపడి డెన్మార్కు రైతు నష్టపోయాడు. ధాన్యాన్ని విడిచి పాడి వైపు మళ్లాడు. 1878లో స్వీడను దేశీయుడు గుస్తాఫ్ ద లావల్ పాల నుండి మీగడను వేరుచేసే యంత్రాన్ని నిర్మించాడు. ఆ యంత్రం ఒక్క రైతు కొనగలిగినది కాదు. 1882లో హ్యెడింగ్ అనే చిన్న గ్రామంలో రైతులు కలిసి మొదటి సహకార డెయిరీని పెట్టుకొన్నారు. పోసిన పాలను బట్టి లాభం పంచుకొన్నారు. ఈ సహకార డెయిరీలలో పది ఆవులవానికీ, ఒక్క ఆవువానికీ ఓటు ఒక్కటే. ఈ సంఘాలు దేశమంతటా వ్యాపించాయి. 1901లో డేనిష్ వెన్నకు ‘లూర్’ అనే ప్రాచీన కొమ్ముబూర గుర్తుతో ఉమ్మడి ముద్ర ఏర్పడింది. ఈనాడు ఖరీదైన వెన్నగా మన నగరాల అంగళ్లలో కనిపించే ‘లూర్‌పాక్’ ఆ ముద్ర సంతానమే. చూడగా దాని మూలం ఒకటిరెండు ఆవులు గల రైతుల ఐకమత్యం!

ఈ కథను ఓర్వకల్లులో చెప్పుకోవడానికి కారణం ఉన్నది. 1990వ దశకంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో నడిచిన దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకంలో ఓర్వకల్లు మండలం చేరింది. ఇక్కడి మహిళలు పొదుపు సంఘాలుగా ఏర్పడి, మండల స్థాయిలో పొదుపులక్ష్మి ఐక్య సంఘాన్ని నిర్మించుకొన్నారు. రూపాయి రూపాయిగా కూడబెట్టి, అప్పు ఇచ్చి, తిరిగి రాబట్టే క్రమశిక్షణను దేశానికి చూపారు. ఆ తరువాత ఈ ప్రాంతం ఎంతో మారింది. ఓర్వకల్లు, గడివేముల మండలాలలోని శకునాల, గని గ్రామాల భూములలో వేయి మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రం 2017 నాటికి నిలిచింది. 2021 మార్చి 25న ఓర్వకల్లు విమానాశ్రయం ప్రారంభమయింది. చల్లదనానికి కావలసిన విద్యుత్తు, సరకుకు కావలసిన దారి ముంగిటికి వచ్చాయి. డెన్మార్కు రైతుకు మొదట లేని ఐకమత్యం ఇక్కడి స్త్రీల చేతిలో ఇదివరకే ఉన్నది.

కావలసినవి మరికొన్ని చిన్న విషయాలు. పాలు బాగా కాచి తోడుపెట్టడం. మట్టి, తుప్పు లేని స్టీలు పాత్రలు వాడడం. కాచి చల్లార్చిన నీటితో వెన్నను రెండుమూడు మార్లు కడిగి గట్టిగా పిండడం. వారానికొకసారి తూకపు పరీక్ష చేయడం. తేదీ, వెన్నశాతం, పశువు పేరు స్పష్టంగా రాయడం. చట్టం కోరిన నమోదు పొందడం. చల్లదనం చెడకుండా ఒక్క దినంలో కర్నూలుకో, నంద్యాలకో చేర్చడం. ఇందులో ఏదీ మహావిద్య కాదు. కాని ప్రతి దినమూ తప్పక చేయడమే మహావిద్య. అది నిలిచితే మేలైన వెన్న అని ఎక్కువ వెల ఇచ్చేవారు ఇక్కడనే దొరుకుతారు. ఆ వెలలో దూరపు భాగం ఉండదు గనుక పట్టణపు కొనుగోలుదారుకు చవక. దళారి భాగం తక్కువ గనుక పాడి ఇంటికి లాభం. చిలకడం ఊరిలోనే జరుగుతుంది గనుక మజ్జిగ ఊరిలోనే మిగులుతుంది.

‘వెన్న చేతిలో పెట్టుకొని నేతికి ఊరంతా తిరిగినట్లు’ అన్న సామెతను మనం అవివేకిని ఎత్తిపొడవడానికి వాడుతాము. కాని చేతిలోని వెన్న నెయ్యి కావాలంటే కాచేవారు ఉండాలి కదా! విద్యార్థి మిత్రులారా, మీలో రసాయన శాస్త్రం చదివేవారు తూకపు పరీక్ష చేయండి. వాణిజ్య శాస్త్రం చదివేవారు వెల లెక్క కట్టండి. తెలుగు, ఉర్దూ చదివేవారు పొట్లంపై నిజం మాత్రమే ఉండేటట్లు నాలుగు మాటలు రాయండి. కళాశాల యాజమాన్యం ఏటేటా ఒక్క దినం ప్రయోగశాల తలుపు చుట్టుపట్ల పాడి చేసే మహిళలకు తెరిస్తే, వారి వెన్నశాతాన్ని వారి కండ్ల ఎదుటనే కొలిచి చూపవచ్చు. తన వస్తువు విలువ తెలిసిన మనిషిని వెల విషయంలో ఎవరూ మోసగించలేరు.